యాత్రకు మూట కట్టేముందు

రాత్రి ఏడు గంటలయింది. చదువుల కేంద్రంలో లైటు వెలుగుతోంది. ఆడవాళ్లంతా పుస్తకాలు తెచ్చుకుని చాప మీద కూర్చున్నారు. ఆ రోజు సుబ్బమ్మ ముఖం కళకళలాడుతోంది.

"నేను కాశీకి పోతున్నా. మా వీధి వాళ్లం ఇరవై మందిమి పోతున్నాం. ఇంకా రెండు నెలలు ఉంది" అంది సుబ్బమ్మ.

"నేనూ పోతున్నా. హజ్ యాత్రకు. మా అబ్బాయి తీసుకుపోతున్నాడు" అంది మస్తాన్‌బీ.

అందరూ సంతోషించారు. వాళ్లిద్దరివీ పక్కపక్క ఇళ్లు. సుబ్బమ్మకు చక్కెర జబ్బు, బీపీ ఉన్నాయి. మస్తాన్‌బీకి ఉబ్బసం ఉంది.

మూలన కూర్చున్న నాగమ్మ మాత్రం ఏమీ మాట్లాడలేదు. మెల్లగా తన ఎడమ కాలు ముందుకు చాపింది. ఆ కాలికి రెండు వేళ్లు లేవు.

"నేనూ కాశీకి పోయి వచ్చినదాన్నే. నా సంగతి విని, ఆ తర్వాత మూట కట్టుకోండి" అంది నాగమ్మ.

నాగమ్మ చెప్పిన సంగతి

"నాకూ చక్కెర జబ్బే. దేవుడి దగ్గరికి పోతున్నాం కదా, పది రోజులు బిళ్లలు మింగకపోతే ఏమవుతుందిలే అనుకున్నా. మందుల సంచి ఇంట్లోనే వదిలేశా. అది ఎండాకాలం. చెప్పులు సత్రంలో విడిచి రాళ్ల మీద నడిచా. కాలు కాలింది. నాకు తెలియనే లేదు. సాయంత్రం పక్కామె చూసి, 'నీ కాలికి బొబ్బలెక్కాయే' అంది.

నాలుగో రోజుకి కాలు వాచింది. జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు హిందీలో ఏదో అడిగాడు. ఏం మందు వాడతావని అడుగుతున్నాడంట. నేనేం చెప్పను? తెల్ల బిళ్ల అన్నా. అన్ని బిళ్లలూ తెల్లవే కదా! పేరు తెలియదు. చీటీ లేదు. ఇంటికి చేరేసరికి పుండు ముదిరిపోయింది. రెండు వేళ్లు తీసేశారు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"అయితే నేను పోకూడదా అత్తా?" అని సుబ్బమ్మ అడిగింది.

"ఎందుకు పోకూడదే? పో. నాలాగా మాత్రం పోవద్దు. రేపు నర్సమ్మ దగ్గరికి పోదాం. నేనూ వస్తా" అంది నాగమ్మ.

ఎన్నాళ్ల ముందు చూపించుకోవాలి?

మర్నాడు ముగ్గురూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. నర్సమ్మ వాళ్లను కూర్చోబెట్టింది.

"మంచి పని చేశారు. చాలామంది రైలు ఎక్కేముందు రోజు వస్తారు. అప్పుడు మేం చేయగలిగింది తక్కువ. దీర్ఘకాలం ఉండే జబ్బులు ఉన్నవాళ్లు ఆరు వారాలు ముందే రావాలి. చక్కెర, బీపీ, ఉబ్బసం, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు, క్షయ ఇలాంటివి" అంది నర్సమ్మ.

"అంత ముందు ఎందుకమ్మా?" అంది మస్తాన్‌బీ.

"రెండు కారణాలు. ఒకటి, మీ జబ్బు అదుపులో ఉందో లేదో చూడాలి. చక్కెర ఎక్కువగా ఉంటే మందు మార్చాలి. మార్చిన మందు పనిచేస్తుందో లేదో మళ్లీ చూడాలి. రెండు, టీకా వేసిన వెంటనే రక్షణ రాదు. విత్తనం వేసిన రోజే పంట రాదు కదా! ఫ్లూ టీకా పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది."

ఏ టీకాలు వేయించుకోవాలి?

"మాకు చిన్నపిల్లల టీకాలే తెలుసు. పెద్దవాళ్లకు కూడా టీకాలు ఉంటాయా?" అని సుబ్బమ్మ అడిగింది.

"ఉంటాయి. యాత్రలో వేలమంది ఒకచోట చేరతారు. ఒకరి దగ్గు ఇంకొకరికి అంటుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఫ్లూ జ్వరం వస్తే కొద్ది రోజుల్లో తగ్గుతుంది. చక్కెర జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లకు అదే జ్వరం న్యుమోనియా దాకా పోవచ్చు. అందుకే మీరు డాక్టరును ఈ టీకాల గురించి అడగండి" అని నర్సమ్మ ఒక్కొక్కటీ చెప్పింది.

ఫ్లూ టీకా: దీన్ని ఏడాదికి ఒకసారి వేయించుకోవాలి.

న్యుమోనియా టీకా: ముసలివాళ్లకు, దీర్ఘకాల జబ్బులు ఉన్నవాళ్లకు మేలు చేస్తుంది.

టైఫాయిడ్ టీకా: కలుషితమైన నీళ్లు, తిండి వల్ల టైఫాయిడ్ వస్తుంది. టీకా వేయించుకున్నా మంచి నీళ్లే తాగాలి.

ధనుర్వాతం టీకా: పదేళ్లకు ఒకసారి వేయించుకోవాలి. కాలికి దెబ్బ తగిలితే డాక్టరుకు చూపించాలి.

"ఇవన్నీ పెద్దవాళ్లకు అన్ని చోట్లా ఉచితంగా దొరకవు. ఏది ఇక్కడ ఉంది, ఏది కొనాలి, ఎంత అవుతుంది అని ముందే అడగండి. అడగడానికి సిగ్గుపడొద్దు" అంది నర్సమ్మ.

తర్వాత మస్తాన్‌బీ వైపు తిరిగింది.

"హజ్ యాత్రకు ఇంకో టీకా తప్పనిసరి. అది మెనింజైటిస్ టీకా. మెనింజైటిస్ అంటే మెదడు చుట్టూ ఉండే పొరలకు వచ్చే జబ్బు. 1987లో హజ్‌కు వెళ్లినవాళ్లలో ఈ జబ్బు వ్యాపించింది. 2000లో ఇంకో రకం వ్యాపించింది. అందుకే సౌదీ చేరడానికి కనీసం పది రోజుల ముందు ఈ టీకా పడాలి. టీకా వేసిన కాగితం జాగ్రత్తగా పెట్టుకోవాలి."

నర్సమ్మ మరో మాట కూడా చెప్పింది. కొన్ని టీకాలు అందరికీ సరిపడవు. క్యాన్సర్ మందులు, స్టెరాయిడ్ మందులు వాడేవాళ్లు, హెచ్‌ఐవి ఉన్నవాళ్లు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. దాచితే వాళ్లకే ప్రమాదం.

మందుల సంచి ఎక్కడ ఉండాలి?

"మందులు పెద్ద పెట్టెలో అడుగున పెట్టొద్దు. చేతి సంచిలో పెట్టుకోండి. పెట్టె పోయినా మందు పోకూడదు. ఎన్ని రోజుల యాత్రో అన్ని రోజులకు లెక్క కట్టండి. దాని మీద ఇంకో వారం రోజుల మందు తీసుకోండి. రైలు ఆలస్యం కావచ్చు. కొన్ని బిళ్లలు తోడు వచ్చే మనిషి దగ్గర కూడా ఉంచండి" అంది నర్సమ్మ.

"బిళ్లలన్నీ ఒక డబ్బాలో పోస్తే సులువు కదా?" అంది సుబ్బమ్మ.

"వద్దు. అప్పుడు ఏది చక్కెరకో, ఏది బీపీకో తెలియదు. వచ్చిన షీటులోనే ఉంచాలి. విమానంలో పోయేవాళ్లు డాక్టరు రాసిన చీటీ కూడా పట్టుకోవాలి. మస్తాన్‌బీ, నీ పీల్చే మందు ఎప్పుడూ నీ చేతికి అందేలా ఉండాలి. ఆయాసం వచ్చాక సంచులు వెతికే టైము ఉండదు."

ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్లు ఆ సీసాను ఎండలో పెట్టకూడదు. మంచుగడ్డకు ఆనించి కూడా పెట్టకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. చల్లగా ఉండే సంచిలో తీసుకుపోవాలి.

ఉపవాసం ఉండొచ్చా?

"గంగలో మునిగేదాకా ఏమీ తినకూడదంటారు మా వాళ్లు" అంది సుబ్బమ్మ.

"చక్కెర బిళ్ల మింగి, లేదా సూది వేసుకుని, తిండి మానేస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమట పడుతుంది. చేతులు వణుకుతాయి. గుండె దడదడ కొట్టుకుంటుంది. కళ్లు తిరుగుతాయి. అప్పుడు వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట చూడాలి. తగ్గకపోతే మళ్లీ తాగాలి. తగ్గాక ఏదైనా తినాలి. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు. 108కి ఫోన్ చేయాలి. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే డాక్టరును అడుగు. నీ అంతట నువ్వు మందు మానొద్దు" అంది నర్సమ్మ.

కాళ్లు జాగ్రత్త

నాగమ్మ తన కాలు చూపించి అడిగింది. "నా కాలు కాలితే నాకెందుకు తెలియలేదమ్మా?"

"చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. కాళ్లకు స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా, రాయి కాలినా తెలియదు. అందుకే వట్టి కాళ్లతో నడవొద్దు. చెప్పులు విడవాల్సిన చోట మేజోళ్లు వేసుకోండి. ఎండెక్కకముందే దర్శనం చేసుకోండి. రోజూ రాత్రి పాదాలు, వేళ్ల సందులు చూసుకోండి. కంటికి కనిపించకపోతే పక్కవాళ్లను చూడమనండి. చిన్న బొబ్బ కనిపించినా డాక్టరుకు చూపించండి."

నాగమ్మ తల ఊపింది. "ఈ ఒక్క మాట అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే!" అంది.

ఎండ, నీళ్లు, కోతులు

2024 జూన్‌లో హజ్ సమయంలో మక్కాలో ఎండ 51 డిగ్రీలు దాటింది. ఆ ఏడు యాత్రలో 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వం చెప్పింది. వాళ్లలో ముసలివాళ్లు, దీర్ఘకాల జబ్బులు ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. ఎండలో గొడుగు వేసుకోవాలి. మధ్యాహ్నం నీడలో ఉండాలి. దాహం వేయకముందే కొద్దికొద్దిగా నీళ్లు తాగుతుండాలి. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరును అడగాలి.

తీర్థం చల్లుకోండి. తాగడానికి మాత్రం కాచి చల్లార్చిన నీళ్లు, లేదా మూత తీయని సీసా నీళ్లు వాడండి. వేడివేడి అన్నం తినండి. కోసి పెట్టిన పండ్లు కొనొద్దు. బీపీ ఉన్నవాళ్లు ఊరగాయల మీదే రోజులు గడపొద్దు. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లం కలిపి తాగాలి. ఒక పెద్ద పొట్లం ఒక లీటరు నీళ్లకు సరిపోతుంది. తగ్గకపోతే ఆసుపత్రికి పోవాలి.

యాత్రా స్థలాల్లో కోతులు, కుక్కలు ఉంటాయి. కరిచినా, గీరినా ఆ చోట సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పావుగంట కడగాలి. పసుపు, కారం పెట్టొద్దు. అదే రోజు సూది వేయించుకోవాలి. ఇంటికి వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. డాక్టరు చెప్పిన సూదులన్నీ పూర్తి చేయాలి. పిచ్చికుక్క వ్యాధి ముదిరితే బతకడం దాదాపు అసాధ్యం.

సుబ్బమ్మ రాసిన చీటీ

ఆ రాత్రి సుబ్బమ్మ చదువుల కేంద్రానికి మందుల షీట్లు తెచ్చింది. ఒక్కో కవరు మీద తన చేత్తో రాసింది. ఒక దాని మీద "పొద్దున, తిన్న తర్వాత" అని రాసింది. ఇంకో దాని మీద "రాత్రి" అని రాసింది. తర్వాత ఒక అట్టముక్క తీసుకుని ఇలా రాసింది:

పేరు: సుబ్బమ్మ
వయసు: 58
జబ్బులు: చక్కెర, బీపీ
మందులు: డాక్టరు చీటీ నకలు వెనక అంటించాను
పడని మందు: ఏమీ లేదు
ఇంటి ఫోన్ నంబరు: (నంబరు రాసింది)

డాక్టరు చీటీ ఇంగ్లీషులో ఉంది. అది కాశీలో డాక్టరు చదువుతాడు. కవర్ల మీద తెలుగు ఉంది. అది సుబ్బమ్మ చదువుకుంటుంది.

నాగమ్మ ఆ అట్టను చేతిలోకి తీసుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. "నాకూ ఒకటి కావాలి" అంది.

"ఇదిగో అట్ట, ఇదిగో పెన్ను. నువ్వే రాసుకో అత్తా" అంది సుబ్బమ్మ.

గుర్తుంచుకోండి

1. యాత్రకు ఆరు వారాల ముందే డాక్టరును కలవాలి.
2. మందులు చేతి సంచిలో, వచ్చిన షీటులోనే ఉంచాలి.
3. యాత్ర రోజులకన్నా ఒక వారం ఎక్కువ మందు తీసుకుపోవాలి.
4. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు వట్టి కాళ్లతో నడవకూడదు.
5. క్షయ మందు ఒక్క రోజు కూడా ఆపకూడదు. ఊరికి పోయేముందు కేంద్రంలో చెప్పి మందులు తీసుకోవాలి.
6. ఆపద వస్తే 108కి గాని, 112కి గాని ఫోన్ చేయాలి. మన దేశంలో ఈ సాయం ఉంది. వేరే దేశం పోయేవాళ్లు అక్కడి నంబరు ముందే రాసుకోవాలి.

ఆలోచించి చెప్పండి

1. నాగమ్మ కాలు కాలినా ఆమెకు ఎందుకు తెలియలేదు?
2. "తెల్ల బిళ్ల" అని చెబితే డాక్టరుకు ఎందుకు సరిపోలేదు?
3. రైలు ఎక్కేముందు రోజు టీకా వేయించుకుంటే చాలా? ఎందుకు?
4. మీ ఇంట్లో రోజూ మందు వాడేవాళ్లు ఎవరు? ఆ మందు పేరు మీరు చదవగలరా?

మీరు రాయండి

సుబ్బమ్మ రాసినట్లే మీరూ ఒక చీటీ రాయండి. మీకు జబ్బు లేకపోతే మీ అత్తకో, అమ్మకో రాసి ఇవ్వండి. రేపు కేంద్రానికి తెచ్చి అందరికీ చదివి వినిపించండి.