సముద్రం అడుగున హద్దు ఎట్లా తేలుస్తారు?

మన ఊళ్ళల్లో పోడు భూమికి హద్దు అడిగితే పెద్దవాళ్ళు ఒక చెట్టునో, వాగునో చూపిస్తారు. మరి సముద్రం అడుగున దేశానికి హద్దు ఎట్లా? భూగోళ పాఠంలో 'ఖండతీరపు అంచు' చదివాం కదా, దాని గురించి నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 1982లో వచ్చింది. మన దేశం 1995లో ఆమోదించింది. దాని ప్రకారం తీరం నుండి 200 నాటికల్ మైళ్ళ (సుమారు 370 కి.మీ.) వరకు అడుగున ఉన్న చమురు, గ్యాసు, ఖనిజాలు ఆ తీరదేశానివే. అంతకు మించి కావాలంటే రుజువు చూపాలి. ఖండతీరపు వాలు ముగిసే చోటును 'వాలు పాదం' అంటారు. రుజువు అక్కడి నుండే మొదలు.

1. వాలు పాదం నుండి 60 నాటికల్ మైళ్ళ దాకా అడగవచ్చు.
2. లేదా ఒండ్రు మట్టి మందం చూపి అడగవచ్చు. ఆ మందం, వాలు పాదం నుండి ఉన్న దూరంలో కనీసం నూరో వంతు ఉండాలి. అంటే 100 కి.మీ. దూరానికి 1 కి.మీ. మందం.
3. ఎంత ఒండ్రు ఉన్నా దీనికీ ఒక గట్టు ఉంది. తీరం నుండి 350 నాటికల్ మైళ్ళు, లేదా 2,500 మీటర్ల లోతు గీత నుండి 100 నాటికల్ మైళ్ళు దాటకూడదు.

ఓడ మీద నుండి శబ్ద తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో మందం కొలుస్తారు. భూమి పొరలను ఇట్లా తరంగాలతో పరిశోధించే ఎన్.జి.ఆర్.ఐ. మన హైదరాబాద్‌లోనే ఉంది. ఎస్.ఆర్. నగర్ పక్కన అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే ఆ పేరుగల స్టేషన్లోనే దిగవచ్చు.

బంగాళాఖాతంలో ఒండ్రు చాలా మందం. ఎక్కువ భాగం గంగ, బ్రహ్మపుత్రలు తెచ్చిందే. శబరిని కలుపుకొని పోయే మన గోదావరి కూడా ఏటా కొండల మట్టిని అక్కడికే మోస్తుంది. మన వాగుల్లో కొట్టుకుపోయే మట్టి ఊరికే పోవడం లేదన్న మాట!

మన దేశం 2009 మే 11న ఐక్యరాజ్యసమితి కమిషన్‌కు తన లెక్కలు ఇచ్చింది. అందులో 21 మంది నిపుణులు ఉంటారు. పోడు పట్టాకు దరఖాస్తు పెట్టినట్లే, నోటిమాట చాలదు, ఆధారాలు కావాలి. అయితే పక్క దేశాల తగాదా ఆ కమిషన్ తీర్చదు. బంగ్లాదేశ్‌తో మన తగాదాను హేగ్‌లో మధ్యవర్తులు 2014 జూలై 7న తీర్చారు. తగాదాలో ఉన్న 25,602 చ.కి.మీ.లో 19,467 బంగ్లాదేశ్‌కు పోయాయి. మన దేశం తీర్పును ఒప్పుకుంది. యుద్ధం లేదు, కాల్పులు లేవు. ఇట్లాంటి చోట లెక్క తెలిసినవాళ్ళూ కావాలి. అందుకే లెక్కలు, భూగోళం అశ్రద్ధ చేయకూడదు.

ప్రశ్న: వాలు పాదం నుండి 150 కి.మీ. దూరంలో హద్దు అడగాలంటే ఒండ్రు ఎంత మందం ఉండాలి? జవాబు చీటీ మీద రాసి ఈ గోడపత్రిక కింద అంటించండి.