పుట్టగొడుగుల వేళ

తొలకరి వాన పడుతుంది. సాయంత్రం దీపం చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి. మరికొన్ని వానలు పడ్డాక ఒక రోజు ఉక్కపోస్తుంది. తెల్లారేసరికి పుట్ట పక్కన తెల్లగా గొడుగులు లేస్తాయి. అవే పుట్టగొడుగులు. కొన్ని ఊళ్లలో పుట్టకొక్కులు అంటారు.

అడవి పక్క ఊళ్లలో ఆడవాళ్లు చీకటితోనే గంప పట్టుకుని బయలుదేరతారు. పొద్దెక్కితే గొడుగు వాడిపోతుంది, పురుగు పడుతుంది. ఏ పుట్ట దగ్గర లేస్తాయో వాళ్లకు తెలుసు. ఆ చోటు మాత్రం తోడబుట్టిన దానికి కూడా చెప్పరు! కూరకు సరిపడా ఉంచుకుని, మిగిలినవి ఆకుల్లో కుప్పలు పోసి రోడ్డు పక్కన అమ్ముతారు. రేపటికి నిలవ ఉండవు. ఆ రోజే అమ్ముకోవాలి.

ఇవి పుట్ట దగ్గరే ఎందుకు లేస్తాయి? ఎందుకంటే చెదలు సేద్యం చేస్తాయి. నమ్మబుద్ధి కాదు గానీ ఇది నిజం. చెదపురుగులు ఎండుటాకులు, పుల్లలు కొరికి తింటాయి. విసర్జించిన దానితో పుట్ట లోపల తేనెతుట్టె లాంటిది కడతాయి. దాని మీద తెల్లటి బూజు పెరుగుతుంది. ఆ బూజే వాటికి తిండి. నేల బాగా తడిసినప్పుడు ఆ బూజు నుంచి గొడుగు పుట్టి, మట్టిని చీల్చుకుని పైకి వస్తుంది. అందుకే చాలా పుట్టగొడుగుల కాడ నేల దగ్గర ఆగదు. వేరులా సన్నబడుతూ జానెడు, మూరెడు లోపలికి పోతుంది. గొడుగు నడినెత్తిన మొనలాగా ఉంటుంది.

బజారులో దొరికే పెంపకం పుట్టగొడుగులు వేరు. వాటిని వరిగడ్డి మీద పెంచవచ్చు. పుట్ట మీది వాటికి చెదలే కావాలి. పుట్టను తవ్వి పాడుచేస్తే వచ్చే ఏడు అక్కడ గొడుగు లేవదు. పుట్టలో పాములుంటాయి. బొరియలో చెయ్యి పెట్టకూడదు. ముందు కర్రతో తట్టాలి.

చలి ప్రాంతాల్లో పుట్టగొడుగుల కాలం వేరు. హిమాచల్ ప్రదేశ్ కొండల్లో మంచు కరిగాక, వసంతంలో, దేవదారు అడవుల్లో గుచ్చి అనే రకం లేస్తుంది. దాని తల తేనెపట్టులా గుంటలు గుంటలుగా ఉంటుంది. నిలువునా కోస్తే లోపల గుల్ల. అక్కడి ఆడవాళ్లు దాన్ని ఏరి, దండలు కట్టి ఎండబెడతారు. ఎండినది కిలో వేల రూపాయలు పలుకుతుంది. అంత ఖరీదైన గుచ్చి కూడా పచ్చిగా తింటే విషమే. 2023లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఒక హోటల్లో పచ్చిగా, సరిగా ఉడక్కుండా వడ్డించారు. 51 మంది జబ్బుపడ్డారు. ఇద్దరు చనిపోయారు.

ఇక మంచివేవో చెడ్డవేవో ఎలా తెలుస్తుంది? దీని గురించి ఒక అత్తాకోడళ్ల మాటలు వినండి. అత్త గంపెడు గొడుగులు తెచ్చింది. కోడలు వాటిని ఏరుతోంది.

"అత్తా, ఈ నాలుగూ వేరే రకంలా ఉన్నాయి. కాడకు ఉంగరంలా పొర ఉంది. అడుగున ఉబ్బి, సంచిలా ఉంది."

"పుట్ట పక్కనే లేచినయే పిల్లా. తెల్లగానే ఉన్నయి కదా! వెండి పట్టీ వేసి ఉడికించు. నల్లబడితే పారేద్దాం."

"వెండికి ఈ విషం తెలియదంట అత్తా."

"మా అమ్మ కాలం నుంచి చూస్తున్నాం. ఎప్పుడూ నల్లబడలేదు."

"ఇన్నాళ్లూ మంచివే వేశారు కాబట్టి నల్లబడలేదు. చెడ్డవి వేసినా నల్లబడదు."

అత్త కాసేపు ఆలోచించింది. ఆ నాలుగూ తీసి గోతిలో పూడ్చి, చేతులు కడుక్కుంది.

కోడలు చెప్పిందే నిజం. వెండి, పసుపు, వెల్లుల్లి ఏవీ విషాన్ని పట్టివ్వవు. పురుగు తిన్న గొడుగు మనకు మంచిదని కూడా నమ్మకూడదు. కొన్ని విషాలు ఎంత ఉడికించినా పోవు. కాడను మధ్యలో తెంచితే అడుగు సంచి మట్టిలోనే ఉండిపోతుంది. అందుకే మొదలంటా తీసి చూడాలి. విప్పారని మొగ్గలను ఆనవాలు పట్టడం పెద్దవాళ్లకే కష్టం. ఏళ్ల తరబడి ఏరిన మనిషి చూసి, "ఇది ఫలానా రకం" అని చెప్పగలగాలి. చెప్పలేకపోతే పారేయాలి.

2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తేయాకు తోటల్లో పనిచేసే కుటుంబాల వాళ్లు.

కొన్ని రకాలు తింటే రెండు మూడు గంటల్లోనే వాంతులు, విరేచనాలు అవుతాయి. ప్రాణం తీసే రకం అలా కాదు. రాత్రి తింటే తెల్లారేదాకా ఏమీ తెలియదు. ఆ తర్వాత వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి. మర్నాటికి అవి తగ్గుతాయి. "నయమైంది" అనుకుంటారు. అప్పటికే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. ఆ మోసం తెలియకే చాలామంది ఆలస్యం చేస్తారు. తగ్గినట్టు కనిపించినా ఆగకూడదు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆ కూర తిన్న వాళ్లందరూ, పిల్లలతో సహా, వెళ్లాలి. మిగిలిన కూర, తరిగి పారేసిన ముక్కలు ఒక కవరులో వేసుకుని డాక్టరుకు చూపాలి. ఎవరెవరు తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, వాంతి ఎన్ని గంటలకు మొదలైంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లాలి.