గుడ్డు లేని ఫ్రెంచి టార్ట్: ఖిదిర్‌పూర్ వంటింట్లో ఒక విజ్ఞాన పాఠం

జున్ను మనందరికీ తెలిసిన వంటకమే. ఈనిన గేదె తొలిపాలలో కాస్త బెల్లం కలిపి ఆవిరి మీద ఉంచితే చాలు, మరేమీ కలపకుండానే ముద్దలా గట్టిపడుతుంది. ఆ పాలలో పుష్కలంగా ఉండే ప్రోటీన్లు వేడికి విచ్చుకొని, ఒకదానినొకటి పట్టుకొని వలలా అల్లుకుంటాయి. ఆ వలలో నీరు చిక్కుకుంటుంది. జున్ను మెత్తగా, తేమగా ఉండటానికి కారణం ఇదే.

ఫ్రాన్సులోని లోరెన్ ప్రాంతంలో పుట్టిన 'కీష్' అనే ఉప్పటి టార్ట్ కూడా ఇదే సూత్రం మీద నిలుస్తుంది. మైదాతో చేసిన గిన్నెలాంటి అడుగులో కూరగాయలు గానీ మాంసం గానీ పరిచి, గుడ్లు, పాలమీగడ కలిపిన మిశ్రమం పోసి ఓవెన్‌లో కాలుస్తారు. సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర గుడ్డులోని ప్రోటీన్లు ఆ మిశ్రమాన్ని గట్టిపరుస్తాయి.

అయితే మన దేశంలో ఆహార పొట్లాలపై ముద్రించే గుర్తుల ప్రకారం గుడ్డు శాకాహారం కాదు. మరి గుడ్డు తీసేస్తే టార్ట్‌ను నిలబెట్టేది ఏది? కోల్‌కతా రేవును ఆనుకొని ఉన్న ఖిదిర్‌పూర్‌లో ఈ ప్రశ్నకు జవాబు బజారులోనే దొరుకుతుంది. పక్కనే గార్డెన్ రీచ్‌లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. 2003 వరకు వాల్తేరు డివిజన్ దాని కిందే ఉండేది. బెంగాలీల ఛానా, మన శనగపిండి, ఇద్దరూ ఇష్టపడే ఆవాలు కలిస్తే ఫ్రెంచి వంటకం శాకాహారంగా మారుతుంది.

కావలసినవి

అడుగుకు: మైదా 150 గ్రాములు, చల్లని బటర్ 75 గ్రాములు, చిటికెడు ఉప్పు, రెండు మూడు చెంచాల చన్నీళ్లు. నింపడానికి: శనగపిండి 50 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, ఛానా లేదా పనీర్ 150 గ్రాములు, పాలకూర, ఉల్లి, టమాటా కలిపి 300 గ్రాములు, మిరియాల పొడి, ఉప్పు, ఒక చెంచా ఆవపిండి. ఇవి 22 సెంటీమీటర్ల పళ్లేనికి సరిపోతాయి.

అడుగు గుల్లగా ఎందుకు రావాలి?

జంతికల పిండిలో వెన్న గానీ కాచిన నూనె గానీ ఎందుకు కలుపుతాం? గుల్లగా రావడానికి. మైదాలోని ప్రోటీన్లు నీటితో కలిసినప్పుడు గ్లూటెన్ అనే సాగే పదార్థం ఏర్పడుతుంది. చపాతీకి అది కావాలి, టార్ట్‌కు అది ఎక్కువైతే అడుగు తోలులా సాగుతుంది. ముందుగా కొవ్వు పట్టించిన పిండి రేణువులకు నీరు అంత తేలికగా అందదు. అందుకే మొదట బటర్‌ను పిండిలో వేళ్ల కొనలతో నలిపి, తర్వాతే నీళ్లు చిలకరించాలి. ఎక్కువసేపు పిసకకూడదు.

ఇక్కడే కోల్‌కతా వేసవి అడ్డు వస్తుంది. బటర్ 20 డిగ్రీల దాటగానే మెత్తబడుతూ 35 డిగ్రీల ప్రాంతంలో పూర్తిగా కరిగిపోతుంది. మే నెల మధ్యాహ్నం వంటింట్లో అంతకన్నా వేడి ఉండవచ్చు. కరిగిన బటర్ పిండిలో ఇంకిపోతే పొరలు రావు. చల్లగా, చిన్న చిన్న ముక్కలుగా మిగిలిన బటర్‌లో సుమారు 16 శాతం దాకా నీరు ఉంటుంది. ఓవెన్ వేడికి ఆ నీరు ఆవిరై పిండిని పొరలుగా విడదీస్తుంది. నెయ్యిలో నీరు దాదాపు ఉండదు కాబట్టి నెయ్యితో చేసిన అడుగు గుల్లగా వస్తుంది గానీ పొరలు విడదు.

కాబట్టి పిండిని, గిన్నెను కూడా ముందే ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్నే కలపండి. ముద్దను అరగంట చల్లగా ఉంచితే గ్లూటెన్ సడలుతుంది, ఒత్తిన తర్వాత అంచులు ముడుచుకోవు.

ముందుగా ఒట్టి అడుగును కాల్చాలి

పిండిని పళ్లెంలో పరిచి ఫోర్క్‌తో పొడవండి. కాగితం వేసి, దానిపై ఎండు శనగలు బరువుగా పోసి 190 డిగ్రీల వద్ద 15 నిమిషాలు, శనగలు తీసేసి మరో 8 నిమిషాలు కాల్చండి. బరువు లేకపోతే ఆవిరికి అడుగు ఉబ్బుతుంది. ముందు కాల్చకపోతే పైన పోసిన తడికి పిండి ఉడికిన ముద్దలా మిగిలిపోతుంది.

శనగపిండి చేసే పని

మజ్జిగ పులుసులో శనగపిండి ఎందుకు కలుపుతామో గుర్తు చేసుకోండి. పులుసు విరగకుండా, చిక్కగా ఉండటానికే. శనగపిండిలోని పిండి రేణువులు సుమారు 65 నుంచి 75 డిగ్రీల మధ్య నీరు పీల్చి ఉబ్బుతాయి. చల్లారినప్పుడు ఆ జిగురు గట్టిపడి ముక్కగా కోయడానికి వీలవుతుంది. బర్మాలోని షాన్ ప్రజలు సోయా లేకుండా, శనగపిండితోనే టోఫు చేసుకునేది ఈ గుణంతోనే.

శనగపిండిని ముందు చల్లని పాలలో ఉండలు లేకుండా కలపండి. వేడి పాలలో వేస్తే ప్రతి ఉండ పైపొర వెంటనే జిగురై లోపలి పిండి పొడిగానే ఉండిపోతుంది. సన్నని సెగపై కలుపుతూ చిక్కబడి బుడగలు వచ్చేదాకా ఉడికించండి. పచ్చివాసన పోతుంది. దించి, చిదిపిన ఛానా, ఉప్పు, మిరియాల పొడి కలపండి.

ఛానా ఎందుకు కరగదు?

పిజ్జా మీది చీజ్ కరిగి సాగుతుంది, పనీర్ సాగదు. రెన్నెట్ అనే ఎంజైముతో చేసే చీజ్‌లో కాల్షియం ప్రోటీన్లను కలిపి ఉంచుతుంది, వేడికి ఆ వల సడలుతుంది. పులుపుతో విరిచినప్పుడు చాలా కాల్షియం నీటిలోకి పోతుంది, ప్రోటీన్లు దగ్గరగా ముద్దకడతాయి. అందుకే ఛానా ఆకారం నిలుపుకుంటుంది. కోల్‌కతా న్యూ మార్కెట్‌లో దొరికే పొగబెట్టిన బాండెల్ చీజ్ కూడా ఇలాంటిదే. పైన కొంచెం చిదిమితే పొగ వాసన వస్తుంది, కాకపోతే అది ఉప్పగా ఉంటుంది కాబట్టి ఉప్పు తగ్గించాలి. మామూలు చీజ్ వాడేవారు పొట్లంపై పచ్చ చుక్క చూసుకోవాలి. రెన్నెట్‌ను దూడల కడుపు నుంచి కూడా తీస్తారు.

కూరగాయలు, ఆవాలు

పాలకూర, టమాటాలలో 90 శాతానికి పైగా నీరే. పచ్చివి వేస్తే ఆ నీరంతా అడుగులోకి దిగుతుంది. ఉప్పు చల్లి, మూకుడులో నీరు ఇగిరేదాకా వేయించి చల్లార్చండి.

ఫ్రెంచివారు టమాటా టార్ట్ అడుగున ఆవముద్ద పూస్తారు. బెంగాల్‌లో కాసుంది ఉండనే ఉంది. ఆవగింజలో ఘాటు ముందుగా ఉండదు. గింజ నలిగి తడి తగిలినప్పుడు వేరుగా ఉన్న ఎంజైము, దాని ముడి పదార్థం కలిసి ఘాటు పుడుతుంది. వేడినీళ్లు ఆ ఎంజైమును పాడుచేస్తాయి. కాబట్టి ఆవపిండిని చన్నీళ్లతో కలిపి పది నిమిషాలు ఆగి, అడుగున పలచగా పూయండి.

ఆపై కూరగాయలు, వాటిపై శనగపిండి మిశ్రమం పరిచి 180 డిగ్రీల వద్ద అరగంట కాల్చండి. పైన బంగారు రంగు వస్తే చాలు. అరగంట చల్లారాకే కోయాలి. వేడిగా కోస్తే పిండి జిగురు ఇంకా గట్టిపడక ముక్క జారిపోతుంది.

ఒక జాగ్రత్త

పాలు, ఛానా, తేమ ఉన్న ఈ వంటకం బాక్టీరియాకూ ఇష్టమైనదే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య అవి వేగంగా పెరుగుతాయి. బయట రెండు గంటలకు మించి, ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున గంటకు మించి ఉంచకండి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు పొగలు వచ్చేలా వేడిచేయండి.

ఇంట్లో పిల్లలుంటే ఒక చిన్న ప్రయోగం చేయించండి. పిండిని రెండు భాగాలు చేసి ఒకదానిలో బటర్, రెండోదానిలో అంతే బరువు నెయ్యి కలిపి, రెండు చిన్న అడుగులు కాల్చండి. విరిచి లోపలి పొరలు పోల్చి చూడండి. నీటి ఆవిరి చేసే పని కళ్లకు కనిపిస్తుంది.