పొరుగు బిడ్డలకును తల్లి: ఆన్ రీవ్స్ జార్విస్ చరిత్రము

ప్రతి సంవత్సరము మే నెల రెండవ ఆదివారమున అనేక దేశములలో మాతృదినము జరుపబడుచున్నది. ఆనాడు పిల్లలు తల్లులకు పూవు లిత్తురు. దేవాలయములలో తల్లి ప్రేమనుగూర్చి ప్రసంగములు జరుగును. అయితే ఈ దినమునకు మూలమైన తల్లి యెవరని యడిగినచో ఉత్తరము చెప్పగల విద్యార్థులు కొలదిమందియే యుందురు. ఆమె రాణి కాదు. గొప్ప ఉద్యోగిని కాదు. కళాశాలలో చదివినది కాదు. ఒక చిన్న యూరి వర్తకుని భార్య. పెక్కుమంది బిడ్డలను కని, వారిలో చాలమందిని సమాధికి అప్పగించిన దుఃఖిని. ఆమె పేరు ఆన్ రీవ్స్ జార్విస్. ఆమె జీవితమునుండి మనము నేర్చుకొనదగిన పాఠ మొకటి కలదు. దానిని ఈ పత్రిక చదువువారికి తెలుపుటయే మా యుద్దేశము.

బాల్యము, వివాహము

ఈమె 1832వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీని అమెరికా సంయుక్త రాష్ట్రములలోని వర్జీనియా రాష్ట్రమున, కల్పెపర్ అను నూర జన్మించెను. తండ్రి మెథడిస్టు సంఘ బోధకుడు. బోధకులను ఒక చోటినుండి మరియొక చోటికి మార్చుట ఆ సంఘముయొక్క ఆచారము. అట్లు తండ్రికి మార్పు కలుగగా కుటుంబము పడమటి కొండ సీమలోని ఫిలిపీ అను నూరు చేరెను. అచటనే 1850లో ఈమెకు గ్రాన్‌విల్ జార్విస్ అను యువకునితో వివాహ మయ్యెను. ఆయన బాప్టిస్టు బోధకుని కుమారుడు. రెండేండ్లకు ఆ దంపతులు సమీపమందలి వెబ్‌స్టర్ అను చిన్న యూరికి కాపురము మార్చిరి. భర్త వర్తకము చేయుచుండెను. భార్య యిల్లు చక్కబెట్టుకొనుచుండెను.

కడుపుకోత

ఈ తల్లి సుమారు పదునేడేండ్ల కాలములో పదిమందికి మించి బిడ్డలను కనెను. వారిలో పెరిగి పెద్దవారైనది నలుగురు మాత్రమే. తక్కినవారు పసితనమందే తల్లి యొడి ఖాళీ చేసి పోయిరి. తట్టు, టైఫాయిడు జ్వరము, డిఫ్తీరియా అను గొంతువ్యాధి, ఈ మూడును ఆ కొండ సీమలో ఏటేట పిల్లలను కబళించుచుండెను.

విద్యార్థులు ఇచట ఒక సంగతిని గమనింపవలెను. టైఫాయిడు కలిగించు క్రిమిని శాస్త్రజ్ఞులు కనుగొనినది 1880లో. డిఫ్తీరియా క్రిమిని కనుగొనినది 1883లో. కాబట్టి ఈ తల్లి బిడ్డలను కోల్పోవుచున్న కాలమున ఆ వ్యాధుల నిజమైన కారణ మెవరికిని స్పష్టముగా తెలియదు. దైవ సంకల్పమని కొందరు, చెడుగాలి యని కొందరు చెప్పుకొని యూరకుండిరి. అట్టి దుఃఖము వచ్చినప్పుడు మనుష్యుడు నడువగల దారులు రెండు. ఇంటి తలుపు మూసికొని యేడ్చుట యొకటి. నా కడుపుకోత మరియొక తల్లికి రాకుండ ఏమి చేయగలనని యోచించుట రెండవది. ఆన్ జార్విస్ ఏడ్వలేదని మేము చెప్పము. ఏడ్చి, కన్నులు తుడుచుకొని, రెండవ దారి పట్టినది.

తల్లుల పని సంఘములు

1858లో, మరల గర్భవతియై యున్న సమయమున, ఈమె వెబ్‌స్టర్, గ్రాఫ్టన్, ఫెటర్మన్, ప్రంటీటౌన్, ఫిలిపీ అను నైదూళ్ల స్త్రీలను సమకూర్చి సంఘములు స్థాపించెను. వీనికి తల్లుల పనిదిన సంఘములని పేరు. ఈ పేరులో "పని" యను మాటను పాఠకులు మరువరాదని కోరుచున్నాము. ఈమె సోదరుడు జేమ్స్ రీవ్స్ వైద్యుడు. ఆ ప్రాంతములలో టైఫాయిడు జ్వరమునకు చికిత్స చేయుటలో పేరుగాంచినవాడు. ఆయన సలహా నడిగి, సంఘపు స్త్రీలకు ఆరోగ్య సూత్రములు బోధింపజేసెను.

ఈ సంఘములవారు చేసిన పనులు చూడుడు. చందాలు వసూలుచేసి పేదలకు మందులు కొని యిచ్చిరి. ఏ యింట తల్లి క్షయవ్యాధిచే మంచము పట్టెనో ఆ యింటి పనులకు కూలి యిచ్చి స్త్రీలను కుదిర్చిరి. పిల్లలు త్రాగు పాలను, తిను పదార్థములను పరీక్షించిరి. ఇల్లిల్లు తిరిగి శుభ్రతనుగూర్చి తల్లులకు నేర్పిరి. ఇందులో జీతము పుచ్చుకొనిన సభ్యురాలు లేదు. సర్కారు ఉత్తరువు లేదు. తమ యింటి పని ముగించుకొని, మిగిలిన ఘడియలను ఊరికి ఇచ్చిన తల్లులే వారందరును.

"తనకు మాలిన ధర్మము, మొదలు చెడిన బేరము" అని మనలో ఒక సామెత కలదు. ఇంటినిండ పసిబిడ్డలున్న స్త్రీ ఊరి పనికి పోనేల యని యెవరైన అడుగవచ్చును. ఈ ప్రశ్నకు వ్యాధియే ఉత్తరము చెప్పుచున్నది. టైఫాయిడు మలినమైన నీటివలనను ఆహారమువలనను వ్యాపించును. తట్టు ఒకరి శ్వాసనుండి మరియొకరికి అంటును. పొరుగింటి దొడ్డిలోని మురుగు ఊరి నూతిలోనికి దిగినచో, ఆ నీరు త్రాగు నా బిడ్డకు నా యింటి గోడ అడ్డము కాదు. తన వాకిలి యెంత శుభ్రముగా ఊడ్చుకొనినను ఏ తల్లియు ఒంటరిగా తన బిడ్డను కాపాడుకొనలేదు. పొరుగు బిడ్డను కాపాడినగాని తన బిడ్డ దక్కదు. కాబట్టి ఊరి సేవ యనునది తల్లి ప్రేమను విడిచి చేయునది కాదు. ఆ ప్రేమయే గడప దాటి నాలుగడుగులు ముందుకు వేయుట.

యుద్ధకాలము

1861లో అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు అంతర్యుద్ధము మొదలాయెను. బానిసత్వ విషయమై పెరిగిన వైరమే దానికి ముఖ్యకారణము. వర్జీనియా దక్షిణ పక్షమున చేరగా, దాని పడమటి జిల్లాలలో అనేకులు ఉత్తర పక్షమున నిలిచిరి. తుదకు 1863 జూన్ 20వ తేదీని ఆ భాగము వెస్టు వర్జీనియా అను వేరు రాష్ట్ర మయ్యెను. గ్రాఫ్టన్ రైలుమార్గములు కలియు స్థలమగుటచే ఇరుపక్షముల సైన్యములకును దానిమీద కన్నుండెను. 1861 జూన్ 3వ తేదీని ఫిలిపీలోనే పోరాటము జరిగెను. ఒకే యూర, ఒకొక్కప్పుడు ఒకే యింట, అన్న యొక పక్షము, తమ్ముడొక పక్షము.

అట్టి సమయమున ఈమె సంఘములు చీలిపోవుట సహజము. కాని ఆమె సభ్యులను పిలిచి, మనము ఏ పక్షమునకును చెందినవారము కామనియు, రోగి యెవరైనను రోగియే యనియు ఒప్పించెను. సైనికుల శిబిరములలో తట్టు, టైఫాయిడు వ్యాపింపగా ఈ స్త్రీలు నీలి దుస్తుల ఉత్తర సైనికునికిని, బూడిదవన్నె దుస్తుల దక్షిణ సైనికునికిని భేదము లేక అన్నము పెట్టిరి, వస్త్రము లిచ్చిరి, పరిచర్య చేసిరి. ఆ మంచములమీద నున్నవారు ఏదో యొక తల్లి కుమారులని వారెరుగుదురు.

స్నేహదినము

1865లో యుద్ధము ముగిసెను. తుపాకులు నిలిచెను గాని ద్వేషము నిలువలేదు. యుద్ధమునుండి తిరిగివచ్చినవారు ఒకే వీధిలో ఎదురుపడి మొగము త్రిప్పుకొనుచుండిరి. అప్పుడు 1868లో ఈమె తన సంఘముల మూలముగా తల్లుల స్నేహదినము అను సభను ప్రంటీటౌనులోని న్యాయస్థానమువద్ద ఏర్పాటు చేసెను. ఇరుపక్షముల సైనికులను, వారి కుటుంబములను ఆహ్వానించెను. కలహము జరుగునని బెదిరింపులు వచ్చెను. అయినను ఆమె సభ మానలేదు. వైరులుగా వచ్చినవారు కన్నీటితో చేతులు కలుపుకొని పోయిరని చెప్పుదురు.

మా యభిప్రాయమున ఈ కార్యము మొదటి కార్యమునకు భిన్నమైనది కాదు. ద్వేషముకూడ అంటువ్యాధియే. అదియు పెద్దల నోటినుండి పిల్లల చెవికి, ఒక యింటినుండి మరియొక యింటికి ప్రాకును. దానినికూడ ఊరంతయు కలిసి శుభ్రము చేసికొనినగాని ఏ యొక్క యిల్లును బాగుపడదు.

వార్ధక్యము

యుద్ధపు చివరికాలమున కుటుంబము గ్రాఫ్టన్ చేరెను. అచట ఆండ్రూసు మెథడిస్టు దేవాలయముయొక్క కట్టడము 1873లో పూర్తి యయ్యెను. అందలి సండే స్కూలులో చిన్నపిల్లల తరగతులను ఈమె సుమారు 25 సంవత్సరములు నడిపెను. సభలలో ఉపన్యాసములును ఇచ్చుచుండెను. బైబిలులోని గొప్ప తల్లులు, స్త్రీలకును పిల్లలకును ఆరోగ్య సూత్రములు, సాహిత్యమువలన కలుగు సంస్కారము, బాలబాలికలకు పెద్దల పర్యవేక్షణలో ఆటస్థలము లుండవలసిన యావశ్యకత, ఇవి ఆమె మాటలాడిన విషయములు. తనకు దొరకని విద్య తన కుమార్తెలకు దొరకవలెనని ఆమె కోరెను.

1902లో భర్త చనిపోయెను. తరువాత ఆమె ఫిలడెల్ఫియా నగరమున బిడ్డలయొద్ద నివసించి, 1905 మే 9వ తేదీని 72 ఏండ్ల వయస్సున పరలోక ప్రాప్తి నొందెను.

కుమార్తె చేసిన పని

ఆమె కుమార్తె అన్నా జార్విస్ 1864లో జన్మించెను. తల్లులను గౌరవించు దినమొకటి యుండవలెనని తల్లి పలికిన కోరికను బాల్యమందే విని, ఆమె మరణానంతరము దానిని నెరవేర్ప పూనుకొనెను. 1908 మే 10వ తేదీని, తల్లి సేవచేసిన గ్రాఫ్టన్ దేవాలయమందే మొదటి మాతృదిన ఆరాధన జరిగెను. తల్లికి ఇష్టమైన తెల్లని కార్నేషను పూవులను అన్నా 500 పంపెను. 1914 మే నెలలో అధ్యక్షుడు విల్సను ఈ దినమును జాతీయ దినముగా ప్రకటించెను.

అయితే కొలది కాలమునకే పూవుల వర్తకులు, కార్డులు అచ్చువేయువారు ఈ దినమును బేరముగా మార్చుకొనిరి. అన్నా దీనిని చూచి ఎంతయు నొచ్చుకొని, చనిపోవు వరకు వారితో పోరాడెను. తల్లికి సొంత చేతితో జాబు వ్రాయలేక అచ్చు కార్డు కొని పంపుట సోమరితనమని ఆమె తలంపు. తుదకు 1948లో, చేతిలో ధనము లేక, ఒక ఆరోగ్యశాలలో మరణించెను. ఈ కథ విచారకరమైనది. కుమార్తె కోరినది ప్రతివాడును తన తల్లిని స్మరించు దినము. తల్లి జీవితమంతయు చేసినదో, తల్లులందరును కలిసి అందరి బిడ్డలకొరకు పనిచేయు దినము. మొదటిది నిలిచినది, రెండవది మరుపున పడినది.

మనకు పాఠము

బాలబాలికలారా! మాతృదినమున మీ తల్లికి పూవు ఇయ్యవలదని మేము చెప్పము, సంతోషముగా ఇండు. కాని ఆ సాయంకాలము మీ వీధిలో తల్లి జ్వరముతో పడియున్న యిల్లు కలదేమో చూడుడు. కలదేని ఒక బిందెడు నీళ్లు తెచ్చి పెట్టుడు. ఆ యింటి పసిపిల్లలను కొంతసేపు ఆడించుడు. త్రాగు నీరు కాచుట, చేతులు కడుగుకొనుట, టీకాలు వేయించుకొనుట బడిలో చదివి పరీక్షలో వ్రాసి మరచుటకు కాదు, తెలియనివారికి తెలుపుటకు.

తల్లులారా! ఇంటి పనియే తీరనప్పుడు ఊరి పని యెక్కడిదని మీరనుట న్యాయమే. ఆన్ జార్విస్‌కును తీరిక లేదు. మీరు నలుగురు కలిసి వారమున కొక ఘడియ నూతి చుట్టును, బడి చుట్టును చూచినచో, ఆ ఘడియ మీ బిడ్డలకే ఆయుష్షుగా తిరిగివచ్చును. తండ్రులారా! ఆ ఘడియ వారికి దొరకునట్లు ఇంటి పనిలో చేయి వేయుడు.

తన బిడ్డలలో నలుగురినే పెంచుకొనగలిగిన తల్లి, లెక్కకు రాని పొరుగు బిడ్డలకొరకు పాటుపడినది. ఆ బిడ్డలకు ఆమె పేరైన తెలిసియుండక పోవచ్చును. సేవకు అట్టి ఫలమే మేలు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. ఒక తల్లి తన యింటిని మాత్రమే శుభ్రముగా నుంచుకొనిన చాలదనుటకు టైఫాయిడు జ్వరము ఎట్లు దృష్టాంతము?
2. యుద్ధకాలమున ఈ సంఘములు ఏదో యొక పక్షమున చేరియుండినచో 1868 నాటి సభ సాధ్యమై యుండెడిదా?
3. మీ యూర తల్లుల పని సంఘము నేడు స్థాపించినచో దాని మొదటి పని యేది? మీ తల్లి నడిగి వ్రాయుడు.