ఇంగ్లీషులో ‘త్వరగా’ – కొన్ని మాటలు

తమ్ముళ్లారా,

వార్షికోత్సవ సంచికకు మీకు పనికొచ్చే పాఠం ఒకటి రాయమని అడిగారు. వ్యాకరణం ఎలాగూ మీకు క్లాసులో ఉంది. ఈ హాస్టల్లో ఉన్నన్నాళ్లు మాకెవరూ విడమర్చి చెప్పనిది, బయటికి పోయాక దెబ్బలు తిని నేర్చుకున్నది ఒకటి రాస్తున్నాము. అది ‘త్వరగా’ అనే మాట.

తెలుగులో ఈ ఒక్క మాటతో అన్ని పనులూ జరిగిపోతాయి. త్వరగా లెయ్, త్వరగా తిను, త్వరగా పరుగెత్తు, త్వరగా జాబు రాయి. ఇంటి దగ్గర ‘బిన్నా రా’ అంటాము. కాస్త టౌను గాలి తగిలితే ‘జల్దీ’ అంటాము. అవి చాలకపోతే గబగబా, చకచకా, బిరబిరా ఉండనే ఉన్నాయి. ఇంగ్లీషు వాళ్లు అలా కాదు. పని ఎప్పుడు మొదలవుతుంది, ఎంతసేపట్లో ముగుస్తుంది, కదలిక ఎంత జోరుగా ఉంది – ఈ మూడింటికీ వేరే వేరే మాటలు పెట్టుకున్నారు. మనం మూడింటినీ ఒకే బుట్టలో వేసి ‘ఫాస్ట్’ అంటాము. తప్పంతా అక్కడే వస్తుంది.

మనకు తెలిసిన పనితోనే చూద్దాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. జూన్, జూలైలలో ఒక మంచి వాన పడితే ఎర్రనేలలో పదును నాలుగు రోజులు నిలవడమే గొప్ప. ఆ లోపల వేరుశనగ విత్తనం పడాలి. ఇప్పుడు వినండి. తొలి వానకే, అందరికంటే ముందుగా విత్తితే అది ‘ఎర్లీ’. వాన ఇప్పుడే వెలిసింది, రేపో ఎల్లుండో విత్తుతాము అంటే ‘సూన్’. పొద్దున గొర్రు కట్టి మధ్యాహ్నానికి చేను ముగించేస్తే ‘క్విక్లీ’. ఎద్దులు జోరుగా నడుస్తున్నాయంటే ‘ఫాస్ట్’. ఆ జోరులో లోతు చూసుకోక, గింజ పైపైన పడి కాకుల పాలైతే ‘హేస్టిలీ’. ఒకే చేను, ఒకే విత్తనం, అయిదు మాటలు. ఇది అర్థమైతే పాఠంలో సగం అయిపోయినట్టే.

‘ఫాస్ట్లీ’ అనే మాట ఇంగ్లీషులో లేదు. దీన్ని గోడమీద రాసి పెట్టుకోండి. స్లోకు స్లోలీ ఉంది కాబట్టి ఫాస్ట్‌కు ఫాస్ట్లీ ఉంటుందని మేమూ అనుకున్నాము. మాలో ఒకడు డిగ్రీ అయ్యాక బెంగళూరులో ఉద్యోగం ఇంటర్వ్యూకు పోయి, ‘ఐ విల్ లెర్న్ ఫాస్ట్లీ, ఐ విల్ వర్క్ హార్డ్లీ’ అన్నాడట. మొదటిదానికి వాళ్లు నవ్వి ఊరుకున్నారు. రెండోదానికి అర్థమే తిరగబడింది. ‘హార్డ్లీ’ అంటే కష్టపడి కాదు, దాదాపు చేయను అని. వాడికి ఆ ఉద్యోగం రాలేదు. అదొక్కటే కారణమని చెప్పలేము గానీ, ఆ రాత్రి గుంతకల్లు వైపు వచ్చే రైల్లో వాడు నిద్రపోలేదని మాత్రం చెప్పగలము. ఫాస్ట్, హార్డ్ రెండూ తోక తగిలించకుండానే పనిచేస్తాయి.

అసలు ‘ఫాస్ట్’ అంటే పూర్వం వేగం కానే కాదు. గట్టిగా, కదలకుండా అని అర్థం. బట్టల దుకాణంలో ‘ఫాస్ట్ కలర్’ అంటే గబగబా పోయే రంగు అనుకుని మాలో ఒకడు చొక్కా గుడ్డ కొనకుండా వచ్చేశాడు. నీళ్లలో వేసినా కదలని రంగు అని దాని అర్థం. ‘ఫాస్ట్ అస్లీప్’ అంటే ఒళ్లు తెలియని నిద్ర. స్టడీ అవర్లో మనం పోయేది అదే. ‘క్విక్’కు పాత అర్థం ప్రాణం ఉన్నది అని. పాదరసాన్ని ‘క్విక్‌సిల్వర్’ అన్నది అందుకే, ప్రాణమున్న వెండిలా పరుగెత్తుతుంది కనుక. ‘సూన్’ కథ ఇంకా తమాషా. ఒకప్పుడు దానికి ‘ఈ క్షణమే’ అని అర్థం. జనం ‘ఇప్పుడే వస్తా’ అని చెప్పి నింపాదిగా రావడం వల్ల అది ‘కొంచెం సేపట్లో’గా దిగజారింది. మన ‘ఇదిగో వచ్చె’ కూడా ఆ దారిలోనే ఉంది.

‘ఇమ్మీడియట్లీ’ మాత్రం మన పల్లెల్లో చదువు రానివాళ్లకు కూడా తెలిసిన మాట. టెలిగ్రాములో మాటల లెక్కన డబ్బులు కట్టాలి కాబట్టి ‘మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ’ అని నాలుగైదు మాటలతో ముగించేవారు. టెలిగ్రాము వచ్చిందంటే చదవకముందే ఏడుపులు మొదలయ్యేవి. 2013 జూలైలో ఆ సర్వీసే ఆగిపోయింది.

ఇక ముఖ్యమైన సంగతి. మేము ఇంటర్ చదివేటప్పుడు మాలో ఒకరి తల్లికి విపరీతమైన జ్వరం వస్తే, కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి తీసుకొచ్చి ఒక ఆసుపత్రిలో చేర్చారు. మేము ముగ్గురం తోడు పోయాము. డాక్టరు గారు ఒక చీటీ మీద రెండు వరుసలు రాసిచ్చారు. రక్తపరీక్ష పక్కన ‘స్టాట్’ అని, ఒక మాత్ర పక్కన ‘ఎస్ ఓ ఎస్’ అని ఉంది. స్టాట్ అంటే స్టేట్ అనుకున్నాము, ప్రభుత్వం లెక్కలోది కాబోలు అని. ఎస్ ఓ ఎస్ మాకు తెలుసు కదా, మునిగిపోయే ఓడలు పంపే సంకేతం! ప్రాణం మీదికి వచ్చిందని ఇద్దరం పరుగున పోయి మాత్ర తెచ్చి ముందు ఆమెకు వేశాము. మూడోవాడు రక్తం సీసా పట్టుకుని పెద్ద వరుసలో చివర నిలబడ్డాడు. గంట గడిచాక నర్సమ్మ వెతుక్కుంటూ వచ్చి చీటీ చూసి, ‘స్టాట్ అని రాసుంటే వరుసలో నిలబడతారా నాయనా?’ అని కేకలేసి, సీసా లాక్కుని తానే లోపలికి పోయింది.

‘స్టాట్’ అనేది లాటిన్ మాట ‘స్టాటిమ్’కు పొట్టి రూపం. ఉన్నపళంగా, మిగతావన్నీ ఆపి చేయమని అర్థం. చీటీమీద ‘ఎస్ ఓ ఎస్’ కూడా లాటినే. దాని అర్థం ‘అవసరమైతేనే’. అంటే మేము ఆగాల్సినచోట పరుగెత్తాము, పరుగెత్తాల్సినచోట ఆగాము. ఇంటర్లో ఇంగ్లీషుకు మా ముగ్గురికీ మంచి మార్కులే వచ్చాయి! ఆ తల్లి కోలుకుంది, తొమ్మిదో రోజు ఇంటికి పోయింది. ఆ గంట మాత్రం మాకు ఇప్పటికీ గుర్తుకొస్తూనే ఉంటుంది. ఇంట్లో ఎవరికి బాగాలేకపోయినా చీటీ మీరే చదవాల్సి వస్తుంది. తెలియకపోతే అక్కడే అడగండి, సిగ్గుపడకండి.

మిగతావి క్లుప్తంగా. ‘ఇన్ నో టైమ్’ అంటే టైము లేదని కాదు, చిటికెలో అని. ‘ఇన్ ఎ జిఫ్ఫీ’ కూడా అంతే, కానీ స్నేహితుల మధ్యనే వాడాలి, దరఖాస్తులో రాయకూడదు. ‘హరీ అప్’ పెద్దవాళ్లతో అనకూడదు. ఆఫీసు ఉత్తరాల్లో ‘అట్ యువర్ ఎర్లియస్ట్ కన్వీనియెన్స్’ అని వస్తే, మీ ఇష్టం వచ్చినప్పుడు అని కాదు, వీలైనంత త్వరలో పంపమని మర్యాదగా అడుగుతున్నారని. స్కాలర్‌షిప్ కాగితాల దగ్గర దీన్ని పొరపాటు పడినవాళ్లు మాలో ఉన్నారు.

అభ్యాసం: వీటిని ఇంగ్లీషులోకి మార్చండి. అమ్మకు బాగాలేదు, వెంటనే బయలుదేరు. రేపు పల్లెవెలుగు బస్సుకు పెందలాడే లేవాలి. నాన్న ఇంకాసేపట్లో వస్తాడు. పదును ఆరకముందే విత్తనం వేసెయ్యాలి. తొందరపడి సంతకం పెట్టకు. నాలుగోదానికి మాలోనే ఇద్దరం రెండు రకాలుగా రాశాము, రెండూ ఒప్పేనని మా వాదన. మీ జవాబులు వార్డెన్ గారి దగ్గర ఉంచితే, సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు దిద్ది ఇస్తాము.