బొల్లి – సోరియాసిస్: ఒక పరిశీలన

చర్మముపై తెల్లమచ్చ కనబడినంతనే కుష్ఠు అని శంకించి, పెండ్లి సంబంధములు విరమించుకొనువారు మన కోనసీమలో నేటికిని కలరు. ఈ భ్రాంతి తొలగవలెనన్నచో వ్యాధుల భేదము నెరుగవలెను.

బొల్లి (ఉర్దూలో బరస్), సోరియాసిస్ రెండును అంటువ్యాధులు కావు. శరీరమును కాపాడవలసిన రక్షణవ్యవస్థయే స్వీయకణములపై దాడి సల్పుటవలన ఇవి కలుగును. అయితే దాడి తీరు వేరు. బొల్లియందు చర్మమునకు రంగునిచ్చు కణములు నశించును. మచ్చ నునుపుగ, పాలవలె తెల్లగ నుండును. సోరియాసిస్‌యందు చర్మకణములు మితిమీరి పెరుగును. సుమారు 28 దినములలో మారవలసిన పైపొర నాలుగైదు దినములలోనే పైకివచ్చి, మందమైన మచ్చపై వెండిరంగు పొలుసులుగ రాలును. కొందరికి కీళ్ళు కూడ వాచును. రెంటికిని చికిత్స కలదు, ఓపిక కావలెను.

కుష్ఠు వీనికి భిన్నము. అది 1873లో హాన్సెన్ కనుగొనిన సూక్ష్మజీవివలన వచ్చును. ఆ మచ్చపై సాధారణముగ స్పర్శ తగ్గును, బొల్లిమచ్చపై తగ్గదు. కుష్ఠు సైతము మందులతో నయమగును గనుకనే 2019లో పార్లమెంటు, 1939 నాటి ముస్లిం వివాహముల రద్దు చట్టము, 1955 నాటి హిందూ వివాహ చట్టము మొదలగువానిలో దానిని విడాకుల కారణముగ నుండకుండ తొలగించినది. అట్లయిన, అంటనే అంటని బొల్లికి, సోరియాసిస్‌కు వెలి యేల?

మచ్చను దాచక చర్మవైద్యునకు చూపుట, మచ్చ గలవారి సరసన కూర్చుండి భుజించుట — ఈ రెండును మన విద్యార్థులు తమ ఇండ్లనుండియే ప్రారంభింతురుగాక.