రైస్ మిల్లుల్లో బస్తాల మోత పనికి ప్రామాణిక కాల నిర్ధారణ

ధాన్యం లారీ మిల్లు ఆవరణలోకి వచ్చినది మొదలు బియ్యం గోదాముకు చేరే వరకు సరుకు అనేక పర్యాయాలు చేతులు మారుతుంది. దించడం, కాటా వేయడం, మోయడం, దొంతరగా పేర్చడం, తిరిగి ఎగుమతి చేయడం వంటి పనులు నేటికీ చాలా మిల్లుల్లో హమాలీల ముఠాలపైనే ఆధారపడి ఉన్నాయి. కూలి సాధారణంగా బస్తా లెక్కన నిర్ణయమవుతుంది. అందువల్ల ఒక బస్తాకు పట్టే న్యాయమైన కాలాన్ని నిర్ధారించడం యాజమాన్యపు ఖర్చుకు మాత్రమే కాక, కార్మికుని ఆదాయానికి, ఆరోగ్యానికి కూడా సంబంధించిన విషయం.

చారిత్రక నేపథ్యం

స్టాప్‌వాచ్‌తో పనిని కొలిచే పద్ధతిని ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్ 1880వ దశకంలో అమెరికాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో ప్రారంభించాడు. 1899లో బెత్లెహేమ్ ఉక్కు కర్మాగారంలో సుమారు 42 కిలోల ఇనుప దిమ్మెల మోతను అధ్యయనం చేసి, ఒక కార్మికుని దినసరి మోతను 12.5 టన్నుల నుండి 47.5 టన్నులకు పెంచినట్లు 1911లో ప్రచురించిన గ్రంథంలో పేర్కొన్నాడు. ఈ కథనంలోని వివరాలను తరువాతి చరిత్రకారులు ప్రశ్నించారు. అయితే అదే గ్రంథంలోని మరొక అంశం తరచుగా మరుగున పడుతుంది. అంత బరువుతో పనిచేసే వ్యక్తి దినంలో 43 శాతం కాలం మాత్రమే బరువు మోయగలడని, మిగిలిన కాలం బరువు లేకుండా ఉండాలని టేలర్ గుర్తించాడు. విశ్రాంతిని లెక్కించని కాల ప్రమాణం అసంపూర్ణమని దీనిని బట్టి తెలుస్తుంది.

పనిని భాగాలుగా విభజించుట

కాల అధ్యయనంలో మొదటి దశ పనిని స్పష్టమైన ఆది, అంతాలు గల భాగాలుగా విభజించడం. ఉదాహరణకు 50 కిలోల బియ్యం బస్తాను 20 మీటర్ల దూరం తలమీద మోసే పనిలో నమోదైన సగటు కాలాలు ఈ విధంగా ఉన్నాయని భావించవచ్చు: బస్తాను తలకెత్తుకొనుటకు 8 సెకన్లు, బరువుతో నడచుటకు 18 సెకన్లు, దొంతరపై దించుటకు 6 సెకన్లు, ఖాళీగా తిరిగి వచ్చుటకు 16 సెకన్లు. మొత్తం 48 సెకన్లు.

దొంతర ఎత్తు పెరిగే కొద్దీ దించే కాలం పెరుగుతుంది. కావున కింది వరుసల వద్ద తీసిన కొలతలను పై వరుసలకు వర్తింపజేయరాదు. ఉదయపు వేగాన్ని వేసవి మధ్యాహ్నానికి వర్తింపజేయడం కూడా ఇటువంటి దోషమే.

ప్రామాణిక కాల గణన

పరిశీలించిన వ్యక్తి సాధారణ వేగం కంటే 10 శాతం చురుకుగా పనిచేశాడని నిర్ణయిస్తే అతని వేగాంకం 110. అప్పుడు మూల కాలం 48 × 1.10 = 52.8 సెకన్లు. వ్యక్తిగత అవసరాలు, అలసట, బరువు, వేడి మొదలైన వాటికి 30 శాతం చేర్చినచో ప్రామాణిక కాలం 52.8 × 1.30 = 68.6 సెకన్లు అవుతుంది.

ఈ లెక్కన గంటకు సుమారు 52 బస్తాలు మోయవచ్చు. వేగాంకాన్ని, విశ్రాంతిని విస్మరించి 48 సెకన్లనే ప్రమాణంగా తీసుకొంటే గంటకు 75 బస్తాలు అనే లక్ష్యం వస్తుంది. ఆ వ్యత్యాసాన్ని భరించవలసినవి కార్మికుని మెడ, నడుము, మోకాళ్లు. కార్మికునికి హాని కలిగించగల బరువును మోయించరాదని 1948 నాటి కర్మాగారాల చట్టంలోని 34వ సెక్షన్ నిర్దేశించింది.

ముఠా కూర్పు

తలకెత్తే పనిలో మరో ఇద్దరి సహాయం ఉంటుంది. పై ఉదాహరణలో ఒక మోత చక్రం 48 సెకన్లు, ఎత్తడానికి 8 సెకన్లు. అనగా ఎత్తే ఇద్దరు గరిష్ఠంగా ఆరుగురు మోసేవారికి బస్తాలు అందించగలరు. మోసేవారు నలుగురే ఉంటే ఎత్తేవారి కాలంలో మూడవ వంతు ఖాళీగా గడుస్తుంది. ఆరుగురికి మించితే మోసేవారు వరుసలో నిలబడవలసి వస్తుంది. కూలిని ముఠా సమంగా పంచుకొనే చోట ఈ కూర్పు ప్రతి ఒక్కరి వాటాను ప్రభావితం చేస్తుంది.

నిరీక్షణ కాలం

స్టాప్‌వాచ్ చూపని నష్టం మరొకటి ఉన్నది. లారీ రాక, తేమ పరీక్ష, కాటా వద్ద వరుస మొదలైన కారణాల వల్ల ముఠా వేచి ఉంటుంది. బస్తా లెక్కన కూలి చెల్లించే మిల్లు ఖాతాలో ఈ కాలం కనిపించదు. హమాలీ రాబడిలో మాత్రం కనిపిస్తుంది.

దీనిని కొలవడానికి బ్రిటిష్ వస్త్ర మిల్లుల అధ్యయనంలో టిప్పెట్ రూపొందించిన నమూనా పరిశీలన పద్ధతి అనుకూలం. యాదృచ్ఛికంగా ఎంచుకొన్న క్షణాల్లో పని జరుగుతున్నదా, నిలిచినదా అని మాత్రమే నమోదు చేస్తారు. నిరీక్షణ 30 శాతం ఉండవచ్చని ప్రాథమిక అంచనా ఉంటే, 95 శాతం విశ్వాస స్థాయిలో 5 శాతం పాయింట్ల అటూ ఇటూ కచ్చితత్వానికి 323 పరిశీలనలు అవసరం. అనేక దినాలకు, వివిధ వేళలకు వీటిని విస్తరించాలి.

ఆచరణలో పాటించవలసిన అంశాలు

అధ్యయన ఉద్దేశాన్ని ముఠా మేస్త్రీకి, సభ్యులకు ముందుగా వివరించి వారి సమ్మతి పొందాలి. గడియారాన్ని దాచి కొలవరాదు. అత్యంత చురుకైన ఒక్క వ్యక్తిని కాక, వివిధ వయస్సుల వారిని పరిశీలించాలి. బస్తా బరువు, దూరం, దొంతర ఎత్తు, నేల స్థితి, ఉష్ణోగ్రతలను కాలంతో పాటు నమోదు చేయాలి. ఫలితాలను మిల్లు యాజమాన్యానికి, ముఠాకు ఒకేసారి తెలియజేయాలి.

నిరీక్షణ అధికంగా ఉన్న చోట మొదట లారీల రాకను, కాటా ఏర్పాటును సవరించాలి. నడక అధికంగా ఉన్న చోట చక్రాల బండిని గాని, కన్వేయర్‌ను గాని పరిశీలించాలి. ఈ మార్పులు జరిగిన పిదప పనిని తిరిగి కొలిచి, కొత్త ప్రామాణిక కాలం ఆధారంగా బస్తా కూలిని ఉభయుల సమక్షంలో సమీక్షించడం సముచితం.